అన్‌ఫిట్ కోసం ఉపవాసం

మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు ఒక్క మాట చాలు: రాజక్క ఇంకా పట్టు విడవలేదు. ఈ వారమే పత్రిక చేతికి వచ్చినవాళ్ళ కోసం మాత్రం కాస్త వెనక్కి పోవాలి.

మందమర్రి బొగ్గుబాయి కార్మికుల కాలనీలో రెండు గదుల క్వార్టర్. అందులో రాయమల్లు, భార్య రాజక్క, ఒక్కగానొక్క కొడుకు రాజ్‌కుమార్. రాయమల్లుకు యాభై ఎనిమిది నిండాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా భూమి లోపలికి దిగుతూ, ఎక్కుతూ ఉన్న మనిషి. ఇంజనీరింగ్ చదివిన రాజ్‌కుమార్ నాలుగేళ్ళుగా ఇంట్లో కూర్చుని ఫోన్ గీకుతున్నాడు. తండ్రిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, అంటే బాయిలో పనికి ఇక ఒళ్ళు సహకరించదని డాక్టర్లు రాసిస్తే, ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. రాయమల్లు రెండుసార్లు బోర్డుకు వెళ్ళాడు. రెండుసార్లూ డాక్టర్లు వీపు తట్టి పంపేశారు. ఇప్పుడు మూడో పిలుపు వచ్చింది. రిటైర్మెంట్ దగ్గరపడ్డవాళ్ళను మళ్ళీ పిలవరు కాబట్టి, మిగిలిన సర్వీసును బట్టి చూస్తే ఇదే ఆఖరుది. శనివారం కొత్తగూడెంలో బోర్డు. అందుకే మన రాజక్క ఇరవై ఒక్క రోజుల ఉపవాసం పట్టింది. పగలంతా మంచినీళ్ళు, సాయంత్రం ఒక గిన్నెడు జావ. మొగుడికి అన్‌ఫిట్ రావాలని.

మొగుడికి జబ్బు చెయ్యాలని ఏ ఆడదైనా మొక్కుకుంటుందా అని ముక్కున వేలేసుకోకండి. ఆ కాలనీలో ఎవరూ వేసుకోరు. అక్కడ అన్‌ఫిట్ అంటే శుభవార్త. ఎవరికైనా వచ్చిందంటే ఆ లైనులోని క్వార్టర్లన్నిటికీ లడ్డూలు పంచుతారు. చర్చిలోనైతే ఆదివారం నాడు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. ‘మా ఆయనకు అన్‌ఫిట్ వచ్చింది, ప్రభువుకు స్తోత్రం’ అని ఒకామె అంటే వందమంది ఒక్క గొంతుతో హల్లెలూయ అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. రెండోసారి నేనూ హల్లెలూయ అన్నాను. అలవాటు అంత చెడ్డది.

ఇక రాజక్క ప్రార్థన సంగతి. ఆమె మొదలుపెడితే రెండు లైన్ల అవతల పడుకున్న కుక్క కూడా లేచి కూర్చుంటుందని రాయమల్లు ఎగతాళి చేస్తాడు. గొంతు అలాంటిది. ఇరవై ఏళ్ళుగా వరస కూడా మారలేదు. ముందు కొడుకు పేరు. తర్వాత కొడుకు నౌకరి. ఆ తర్వాత రాబోయే కోడలు, ఆ కోడలి గుణం, వీలైతే ఆ కోడలి రంగు. తర్వాత తన మోకాళ్ళు. తర్వాత వానకు కారే పైకప్పు. అన్నీ అయ్యాక గుక్క తిప్పుకోకుండా, ‘మిగిలినోళ్ళందర్ని గూడ సల్లగ సూడు తండ్రీ, ఆమెన్!’ ఆ మిగిలినోళ్ళలోనే ప్రపంచమంతా సర్దుకోవాలి. అలాగని రాజక్క చెడ్డదేం కాదు. కాలనీలో ఎవరింట్లో పెళ్ళయినా పెద్ద వంటపాత్ర ముందు నిలబడేది ఆమే. కానీ దేవుడి ముందు మోకరించేసరికి ఆమెకు తన క్వార్టర్ నాలుగు గోడలు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు.

శుక్రవారం వచ్చింది. ఉపవాసానికి ఇరవయ్యో రోజు, బోర్డుకు ముందురోజు. శుక్రవారాలు పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా రేకుల చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన ఉంటుంది. రాజక్క అందరికంటే ముందు వెళ్ళి, ఫ్యాను కింద చాప వేసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. ఇవాళ పైకప్పు రేకులు ఎగిరిపోవాలని నిశ్చయించుకుంది. పక్కన ఎప్పటిలాగే రామవ్వ వచ్చి కూర్చుంది. రామవ్వది మూడు లైన్ల అవతల క్వార్టర్. పెదవులు కదలడమే తప్ప గొంతు బయటికి రాని మనిషి. అందుకే రాజక్కకు ఆమె పక్కన కూర్చోవడం ఇష్టం. పోటీ ఉండదు.

పద్నాలుగు మంది చేరారు. పాస్టరమ్మ వనిత లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళ మనిషి, వచ్చి మూడేళ్ళయినా నిన్నమొన్నటి పిల్ల అని పెద్దవాళ్ళకు కొంచెం చులకన.

“అక్కలారా, వందనాలు. ఇయ్యాల నాదొక్క మాట ఇనాలె,” అంది వనిత. “పోయిన శుక్రవారం నేను కండ్లు మూసుకోలే. ఊకె కూసొని అందరి ప్రార్థనలు ఇన్న. నా కొడుకు, నా బిడ్డ, నా నడుము, నా ఇల్లు. పద్నాలుగు మంది పద్నాలుగు ఇండ్ల గురించే అడిగిండ్రు. ఎవలను ఏమనను? నేనేమన్న తక్కువనా? నా స్కూటీ స్టార్ట్ అయితలేదని పావుగంట సేపు ప్రభువును పరేషాన్ చేసిన.”

అందరూ నవ్వారు. రాజక్క నవ్వలేదు. ఈ మాట ఎటు పోతోందో ఆమెకు నచ్చలేదు.

“గందుకే ఇయ్యాల కొత్త పద్ధతి. ఎవలింటి కోసం వాళ్ళు అడగద్దు. మీ మీ మనవి చీటీ మీద రాసి, పక్కన కూసున్న జతామెకు ఇయ్యిండ్రి. జతామె మనవి మీరు పట్టుకోవాలె. మూడు గంటల దాక మీ నోట్లకెల్లి మీ ఇంటి పేరు రావద్దు.”

రాజక్క చివ్వున తలెత్తింది. ఇరవై రోజులు పస్తులుండి, తీరా గట్టు కనిపించాక నీళ్ళలోనే పడవ దిగమంటే ఎలా?

“గదెట్లయితదమ్మా?” అంది లేచి. “మా ఆయనకు బోర్డు రేపే. ఇయ్యాల అడగకపోతే ఇంకెన్నడు అడగాలె? వచ్చే శుక్రవారం మంచిగ అందరి కోసం అడుగుత గని, ఇయ్యాలొక్కరోజు నన్ను ఇడిసిపెట్టు.”

“నువ్వు అడగవు గని రామవ్వక్క అడుగుతది గద. నీ మనవి యాడికి పోదు.”

రాజక్క రామవ్వ వైపు చూసింది. తన పక్కింటికే వినపడని ఈ గొంతు పరలోకం దాకా ఏం చేరుతుంది? నా ఉపవాసం గంగలో కలిసిందనుకుంది. కానీ అందరి ముందూ పాస్టరమ్మతో ఎంతసేపు వాదిస్తుంది? చీటీ తీసుకుంది. ఏడో తరగతి దాకా చదివిన రాత. ‘నా భర్త రాయమల్లుకు రేపు బోర్డుల అన్‌ఫిట్ రావాలె. ఛాతి ఎక్స్‌రేల దుమ్ము మంచిగ కనపడాలె.’ మంచిగ అనే మాట కింద గీత కూడా గీసి, రామవ్వ చేతిలో పెట్టింది. రామవ్వ తన చీటీ ఇచ్చింది. వంకర టింకర అక్షరాలు.

‘మా ఆయనకు ఊపిరి ఆడాలె. మంచం మీదికెల్లి లేచి బయట అరుగు మీద కూసోవాలె. గంతే.’

రాజక్క రెండుసార్లు చదివింది. రామవ్వ భర్త రాములుకు బాగాలేదని ఆమె వినకపోలేదు. బాయిలో పనిచేసినవాడికి దగ్గు రావడం కొత్తా? రెండేళ్ళ కింద అతనికి అన్‌ఫిట్ వచ్చింది, కొడుకు డ్యూటీలో చేరాడు, ఇక వాళ్ళింటికి ఏం లోటు అనుకుంది. మూడు లైన్ల దూరంలో ఉన్న మనిషి మంచం దిగలేకుండా ఉన్నాడని, అరుగు మీద కూర్చోవడమే అతనికి పెద్ద కోరిక అయిందని ఆమెకు తెలియదు. ప్రతి శుక్రవారం పక్కనే కూర్చున్న ఆడదాన్ని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

సరే, పట్టుకున్న పని. రాజక్క గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

“ప్రభువా! తండ్రీ! నీ పాదాల కాడికి వచ్చినం తండ్రీ! నీ బిడ్డ రాములును జ్ఞాపకం చేసుకో తండ్రీ! ఆయన ఊపిరితిత్తులను ముట్టు తండ్రీ! ఛాతిల ఉన్న దుమ్మును...”

అక్కడ ఆగిపోయింది.

దుమ్మును తీసెయ్యమనాలి. నాలుక తిరగలేదు. నిన్న సాయంత్రం ఇంట్లో ఇదే నాలుకతో, ఇదే దేవుణ్ణి, ఇదే దుమ్మును మొగుడి ఛాతిలో చూపించమని అడిగింది. ఒకడి ఛాతిలో తీసెయ్, ఇంకొకడి ఛాతిలో పెట్టు. దేవుడు ఏమనుకుంటాడు అన్నది తర్వాత. తనకు తనే ఏం సమాధానం చెప్పుకుంటుంది? ఫ్యాను కింద మూల ఇరవై ఏళ్ళలో మొదటిసారి నిశ్శబ్దంగా అయిపోయేసరికి, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్క కన్ను తెరిచి చూశారు.

“నువ్వు చెయ్యి ముందుగాల,” అంది రాజక్క మెల్లగా, రామవ్వతో. “నాకు గొంతు పట్టుకున్నది.”

రామవ్వ చేతిలో చీటీ అలాగే ఉంది. ఎప్పుడూ కదిలే పెదవులు కూడా ఇవాళ కదలడం లేదు.

“చెయ్యి చెల్లె. టైమ్ అయితుంది.”

“గీ ప్రార్థన నేను చెయ్యనక్కా,” అంది రామవ్వ.

రాజక్కకు చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో అర్థం కాలేదు. “ఏమన్నవ్?”

“చెయ్యను. ఇంకేదన్న చెప్పు, చేస్త. రాజ్‌కుమార్‌కు నౌకరి రావాలెనంటే పొద్దుగూకే దాక చేస్త. గిది మాత్రం నాతోని కాదు.”

రాజక్కకు ఇరవై రోజుల ఆకలి ఒక్కసారి నెత్తికెక్కింది. “ఎందుకయితది? నీ కొడుకు కొలువు చేస్తుండు. నీ కడుపు నిండె. ఇంకొకల కడుపు నిండాలెనంటే నీకు నోరు రాదు. ఇన్నేండ్లు నా పక్కన కూసున్నవ్ గని, గింత కుళ్ళు ఉన్నదని నాకు ఎరుకలే!”

వనిత రెండడుగులు ముందుకు వేసి, ఏమనుకుందో, అక్కడే నిలబడింది. రామవ్వకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని రాజక్క తర్వాత చాలాసార్లు అనుకుంది.

“నేనడిగిన అక్కా,” అంది రామవ్వ. ఆమె గొంతు అంత స్పష్టంగా ఆ రేకుల కింద ఎవరూ విని ఉండరు. “రెండేండ్ల కింద ముప్పై దినాలు అడిగిన. గీ సాప మీదనే కూసొని అడిగిన. నువ్వు రాసినట్టే, ఎక్స్‌రేల దుమ్ము మంచిగ కనపడాలెనని. కనపడ్డది. ఆదివారం లేసి సాక్ష్యం చెప్పిన. లడ్డూలు పంచిన. నువ్వు రెండు తిన్నవ్, యాదికున్నదా?”

రాజక్క తల ఊపింది. మూడు తిన్నది, ఆ సంగతి రామవ్వ చూడలేదు.

“గప్పుడు నేను నౌకరి అడుగుతున్ననని అనుకున్న. రోగం అడుగుతున్ననని అనుకోలే. బోర్డోళ్ళు రాసింది ఉత్త కాయితం, కొడుక్కు కొలువు ఇచ్చే కాయితం అనుకున్న. గా కాయితం మీద రాసింది నా మొగని ఛాతిల ఉన్నదని నాకు తట్టనే లే. ఆర్నెల్లు పోయినంక మెట్లు ఎక్కలేకపోయిండు. ఏడాది పోయినంక పండుకుంటే ఊపిరాడకపాయె. ఇప్పుడు సిలిండర్ పెట్టుకొని గోడకు ఒరిగి కూసుంటడు. దవఖానల సారు ఏమన్నడో ఎరుకనా? రెండేండ్ల కిందనే గింత దుమ్ము ఉంటే, అప్పుడే మందులు షురూ చెయ్యకపోతిరా అన్నడు. మేము లడ్డూలు పంచినమని ఎట్ల చెప్పాలె అక్కా?”

ఎవరో వెనకాల ముక్కు చీదారు. చర్చిలో ఆ పద్నాలుగు మందిలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు అదే మనవి అడిగినవాళ్ళు. మిగతా సగం అడగబోతున్నవాళ్ళు.

“అయితే నా ప్రార్థనతోనే ఆయనకు గట్లయిందా పాస్టరమ్మా?” అని రామవ్వ వనిత వైపు తిరిగింది. రెండేళ్ళుగా లోపల దాచుకున్న ప్రశ్న అదేనని అందరికీ తెలిసిపోయింది. “నేనడిగితేనే దేవుడు ఇచ్చిండా?”

వనిత వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. ఇలాంటప్పుడు పెద్ద వాక్యం చెప్పేవాళ్ళుంటారు. ఈ పిల్ల అలా చెయ్యలేదు, అందుకే నాకు ఇష్టం.

“కాదక్కా. దుమ్ము బాయిల నుంచి వచ్చింది. నీ నోట్లకెల్లి రాలే. ఆడదాని ప్రార్థన ఇని ఆమె మొగనికి రోగమిచ్చేటోడు దేవుడెట్లయితడు? ఆ ఫికర్ ఇడిసిపెట్టు,” అంది రామవ్వ చెయ్యి పట్టుకుని. కాసేపాగి మళ్ళీ అంది. “గని మనం అడిగేటప్పుడు మన ఇంట్లోళ్ళ మొకాలన్న సూడకుంట అడుగుతున్నం. గది మాత్రం నిజం. నేను గూడ నీ పక్కన నిలబడి హల్లెలూయ అన్న. నన్ను గూడ మాఫ్ చెయ్యి.”

రామవ్వ ఏడ్చింది. గొంతెత్తి, ఊరంతా వినేలా ఏడ్చింది. ఏడ్చాక ఆమె ముఖం తేటపడింది. రాజక్క మాత్రం ఏడవలేదు. తన చీటీని రామవ్వ చేతిలోంచి తీసుకుని, మడిచి, జాకెట్టులో దోపుకుంది. తర్వాత కళ్ళు మూసుకుని రాములు కోసం ప్రార్థన చేసింది. ఈసారి గొంతు ఎత్తలేదు. ఆయన ఛాతిలో దుమ్ము తియ్యి, ఆయనకు ఊపిరి ఇయ్యి, రామవ్వకు నిద్ర ఇయ్యి, ఆ కొడుకు బాయిలోకి దిగినప్పుడు చల్లగా చూడు అంది. అదే మాటను మళ్ళీ మళ్ళీ, అటు తిప్పి ఇటు తిప్పి, అరగంటకు పైగా అడిగింది. తన కొడుకు పేరు ఒక్కసారి కూడా రాలేదని మూడు గంటలకు అందరూ చాయ్‌కి లేచి, తను మంచినీళ్ళు తాగుతున్నప్పుడు గానీ ఆమెకు గుర్తు రాలేదు. ఒళ్ళు మాత్రం తేలిగ్గా అనిపించింది. ఆకలి వల్ల కాదు.

నీళ్ళ గ్లాసు కింద పెట్టి, “పా, మీ ఇంటికి పోదాం,” అంది రామవ్వతో.

రాములు గోడకు ఆనుకుని మంచం మీద ఉన్నాడు. ముక్కుకు సన్నటి గొట్టం. ఒకప్పుడు రాయమల్లుతో కలిసి ఒకే రోజు బాయి దిగినవాడు, చెయ్యెత్తు మనిషి. ఇప్పుడు చొక్కాలో ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. రాజక్కను చూసి కళ్ళతోనే నవ్వాడు.

“ఏమొదినె... తొవ్వ తప్పి... వచ్చినవా?” ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఊపిరి పడుతోంది. “మా రాయమల్లు... ఇంక ఫిట్టేనా? వాడు... దున్నపోతు. వానికి... యాడిది... అన్‌ఫిట్!”

“నీ నోరు మాత్రం ఇంక ఫిట్టే ఉన్నదన్నా,” అంది రాజక్క. రాములు నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా ఆడవాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

అరుగు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. రాజక్క కొంగు బిగించింది. పెళ్ళిళ్ళలో పెద్ద పెద్ద వంటపాత్రలు దించిన చేతులకు ఆ మనిషి బరువు ఒక లెక్కా? రామవ్వ సిలిండర్ బండిని తోసింది, రాజక్క అతన్ని పొదివి పట్టుకుని నడిపించింది. మధ్యలో రెండుసార్లు ఆగారు. అరుగు మీద పాత బొంత వేసి కూర్చోబెట్టారు. ఎండ చల్లబడింది. ఎదురు లైనులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి వచ్చి అరుగుకు తగిలింది. పిల్లలు భయపడి చూస్తే రాములు చెయ్యెత్తి ఔటని చూపించాడు. అవతలి అరుగు మీది నుంచి ఎవరో “ఓ రాములన్నా!” అని కేక వేశారు. రామవ్వ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. ఆ నవ్వును చూసి రాజక్కకు కడుపు నిండిపోయింది. ఇన్నేళ్ళుగా దేవుణ్ణి ఎన్ని అడిగిందో, ఎన్ని దొరికాయో, ఒక్కటీ ఇంత తృప్తినివ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి రాయమల్లు ఫస్ట్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి, వాకిట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. ఎంత రుద్దినా పోని బొగ్గు కళ్ళ చుట్టూ కాటుకలా మిగిలింది. ముప్పై ఏళ్ళుగా రోజూ చూసిన ముఖమే. ఇవాళ మాత్రం రాజక్క అతని ముఖం వైపు కాకుండా ఛాతి వైపు చూసింది. అది ఎత్తుగా లేస్తోంది, దిగుతోంది. ఏ అడ్డూ లేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

“జావ కాయనా?” అన్నాడు రాయమల్లు. “పొద్దటి సంది ఏం తినకపోతివి.”

“తర్వాత. ముందుగాల కండ్లు మూసుకో.”

“ఇక్కడనా? వాకిట్లనా?”

“మూసుకోమన్న గద!”

అతను మూసుకున్నాడు. రాజక్క అతని ఛాతి మీద చెయ్యి పెట్టింది. పక్క క్వార్టర్‌కు కూడా వినపడనంత మెల్లగా అంది.

“ప్రభువా, గీ మనిషిని నువ్వు నాకు ఇచ్చినవ్. గీ మనిషి పాణం చెడాలెనని నేను ఇరవై దినాలు అడిగిన. నాకు తెల్వక అడిగిన. మాఫ్ చెయ్యి. ఈయన ఊపిరి సల్లగుండాలె. రాములన్న ఊపిరి సల్లగుండాలె. రామవ్వకు ధైర్యం ఇయ్యి. వనితమ్మ స్కూటీ మంచిగ నడవాలె. బాయి దిగే ప్రతి పిలగాడు మల్ల ఎక్కాలె తండ్రీ. ఆమెన్.”

రాయమల్లు ఒక కన్ను తెరిచాడు. “ఏందే, ఇయ్యాల వరస తప్పింది. మనోని నౌకరి రాలే, కోడలు రాలే, మోకాళ్ళు రాలే. పాణం మంచిగున్నదా నీకు?”

రాజక్క చర్చిలో జరిగిందంతా చెప్పింది. చీటీ సంగతి, రామవ్వ మాట, అరుగు. రాయమల్లు చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. రాములు పేరు వచ్చినప్పుడు అతను తల వంచుకున్నాడు. తర్వాత ఆ కాయను గిన్నెలో పడేశాడు.

“నేను గూడ నీకొక మాట చెప్పాలె. చెప్పద్దనుకున్న గని, ఇగ చెప్త,” అన్నాడు. “బోర్డుల ఒక గొట్టం ఇస్తరు. నిండుగ గాలి పీల్చి గట్టిగ ఊదమంటరు. ఎంత ఊదితే ఛాతి గంత మంచిగున్నట్టు. పోయిన రెండుసార్లు నాతోని అయినంత ఊదిన. గందుకే ఫిట్ అన్నరు. సగమే ఊదు, అన్‌ఫిట్ రాస్తరని బాయి కాడ అందరు నేర్పుతనే ఉన్నరు. నేను ఇనలే. ముప్పై ఒక్క ఏండ్లల డ్యూటీ కాడ నేనొక్క అబద్ధం ఆడలే. గని ఇరవై దినాలు పస్తులుండి నువ్వు ఎండిపోయినవ్. నీ ఉపవాసం ఉత్తగ పోవద్దని, ఈసారి సగమే ఊదుదామని ఒప్పుకున్న.”

దేవుడి మీద వేశాననుకున్న భారం ఇరవై రోజులుగా ఈ మనిషి నెత్తిన ఉందా? తన ఆకలి చూడలేక, ముసలితనంలో దొంగ ఊపిరి ఊదడానికి సిద్ధపడ్డాడా? ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే అతని మీద చెప్పలేనంత ప్రేమ కూడా వచ్చింది.

“నువ్వే చెప్పు,” అన్నాడు రాయమల్లు. “తెల్లారకముందే బస్సు. నిండుగ ఊదాల్నా, సగమే ఊదాల్నా? నువ్వెట్లంటే గట్ల.”

నిండుగా ఊదితే ఏమవుతుందో రాజక్కకు బాగా తెలుసు. ఇంకో అవకాశం లేదు. రాయమల్లు రిటైరయిన నాడు ఈ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. కొడుకు నాలుగేళ్ళుగా ఈ ఒక్క దారినే చూస్తున్నాడు. తల్లి కడుపు ఒకవైపు లాగింది. అరుగు మీద ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఊపిరి అరువు తెచ్చుకున్న మనిషి ముఖం ఇంకోవైపు లాగింది.

“నిండుగ ఊదు,” అంది. “నీ ఛాతిల ఎంత గాలి ఉన్నదో అంత ఊదు. దుమ్ము ఉంటే ఉన్నదని చెప్పనియ్యి, మందులు తిందాం. లేకుంటే లేదని చెప్పనియ్యి, సంతోషపడదాం. పోరని సంగతి ఇంకో తీరుగ సూస్కుందాం. నువ్వు నా కోసం దొంగ ఊపిరి ఊదద్దు.”

రాయమల్లు నవ్వాడు. ఎన్నాళ్ళ తర్వాతో భుజాలు దించి కూర్చున్నాడు. “బతికిచ్చినవే,” అన్నాడు.

“మరి నేను?”

ఇద్దరూ తిరిగి చూశారు. గుమ్మంలో రాజ్‌కుమార్. రేపటి ప్రయాణానికి తండ్రి రిపోర్టులన్నీ సర్ది పెట్టిన కవరు చేతిలో ఉంది. ఎప్పుడు వచ్చాడో, ఎంతవరకు విన్నాడో. ముఖం పాలిపోయింది.

“కొడుకా, ఇటు రా, కూసో,” అంది రాజక్క. “నీకు చెప్పకుంట ఏం చెయ్యం. బాపు పాణం కన్న నౌకరి ఎక్కువనా?”

“నేను గట్లన్ననా అవ్వా?” అన్నాడు రాజ్‌కుమార్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “బాపు నిండుగనే ఊదాలె. నేను వద్దంటలే. గని నేను మాట ఇచ్చిన. ఈ నెలల నౌకరి వస్తదని శ్రేయ వాళ్ళ బాపుకు చెప్పిన. కరీంనగర్ నుంచి ఆయన ఆదివారం మనింటికి వస్తుండు. లగ్గం మాట్లాడెతందుకు.”

రాజక్క మనసులో లెక్క వేసుకుంది. ఇరవై ఏళ్ళు. రోజూ పొద్దున లేస్తే మొదటి పేరు వీడిదే. నౌకరి అడిగింది, పెళ్ళి అడిగింది, కోడలి రంగు కూడా అడిగింది. వీడినొక్కణ్ణి మాత్రం ఒక్కరోజు పక్కన కూర్చోబెట్టుకుని, నీకేం కావాలిరా అని అడగలేదు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. రాయమల్లు ఆమె కళ్ళలోకి చూడకుండా చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. అతనికి ముందే తెలుసు.

రాజక్క కొడుకు దగ్గరికి వెళ్ళి, చేతిలో కవరు తీసి పక్కన పెట్టి, అతని రెండు చేతులూ పట్టుకుంది.

“శ్రేయ ఎవలు బిడ్డా?” అని అడిగింది.